రాత్రి పలహారానికి కాల్జోన్

ఈస్టు కలిపి పొంగించిన గోధుమ పిండిని గుండ్రంగా ఒత్తి, ఒక సగం మీద కూరనో చీజ్‌నో పరిచి, రెండో సగాన్ని దాని మీదికి మడిచి, అంచులు గట్టిగా మూసి కాల్చే వంటకాన్ని కాల్జోన్ అంటారు. దక్షిణ ఇటలీలోని నేపుల్స్ దీని పుట్టినిల్లు. పిజ్జాకు కలిపే పిండే దీనికీ కలుపుతారు. పిజ్జా మీద పైకి కనిపించే సరుకంతా ఇందులో లోపలికి పోతుంది. అదే దేశంలో ఆగ్నేయాన ఉన్న పూలియా ప్రాంతంలో ఇదే రూపాన్ని చిన్నదిగా చేసి నూనెలో వేయించి పాంజెరొట్టి అని పిలుస్తారు. నేపుల్స్ పిజ్జా పనివారి విద్యను యునెస్కో 2017లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ విద్యకు కట్టెల పొయ్యి, ఏళ్ల తరబడి సాధన కావాలి. ఇంటి కాల్జోన్‌కు అవేవీ అక్కరలేదు.

ఏలూరు జిల్లా దెందులూరులోనో, పొరుగున పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంకల్లోనో ఉన్న వంటింటికి ఈ పేరు కొత్తదే గాని ఇందులో పని చాలావరకు పాతదే. సంక్రాంతికి కజ్జికాయలు చేసే ఇంట్లో పూరీ ఒత్తడం, ఒక సగంలో సరుకు పెట్టడం, అంచు తడిపి మడవడం, విడిపోకుండా చుట్టూ మెలిపెట్టడం పెద్దవాళ్ల చేతుల్లో ఎప్పటినుంచో ఉన్న పనులు. ఇక కొత్తగా నేర్వవలసినవి రెండే మిగులుతాయి: పిండిని ఈస్టుతో పొంగించడం, లోపల పెట్టే కూరలో తడి లేకుండా చూడడం. ఈ రెండూ తెలిసిన ఇంట్లో కాల్జోన్ చెడదు. వీటిలో ఏది తెలియకపోయినా ఎంత ఖరీదైన చీజ్ తెచ్చినా బాగుపడదు.

వ్యక్తిత్వ వికాసాన్ని గురించిన పుస్తకంలో ఒక వంటకానికి ఇంత చోటు ఇవ్వడానికి కారణం చెప్పవలసి ఉంది. రాత్రి వంట భారమనిపించడానికి చాలా ఇళ్లలో అసలు కారణం, రోజంతటి అలసట తరువాత మొత్తం పని దీపాలు పెట్టాక ఒక్క గంటలో, ఒక్క మనిషి మీద పడడమే. అన్నం, కూర, చారు అన్నీ వేడివేడిగా ఒకేసారి సిద్ధం కావాలని అందరూ కోరుకుంటారు; వాటిలో ఏ పనినీ ఉదయానికి జరపడం కుదరదు, పక్కవారికి పంచడమూ కుదరదు. కాల్జోన్ స్వభావం వేరు. దీని పిండి ఉదయం పది నిమిషాల్లో కలిపి పెట్టవచ్చు; కూర మధ్యాహ్నపు వంటతోపాటే అదే పొయ్యి మీద అయిపోతుంది; రాత్రికి ఒత్తడం, నింపడం, కాల్చడం మాత్రమే మిగులుతాయి, ఆ మూడూ ఇంటిల్లిపాదీ పంచుకోదగ్గ పనులు. సులువుగా వండడమంటే పనిని రోజులోని వేళల మీదికీ, ఇంట్లోని మనుషుల మీదికీ పరచడమే అన్న సంగతిని ఇంత స్పష్టంగా నేర్పే వంటకాలు అరుదు.

వారంలో దీనికి తగిన రోజు కూడా ఈ ప్రాంతపు ఆనవాయితీలోనే ఉంది. చిన్నతిరుపతిగా పేరుపడిన ద్వారకా తిరుమల ఈ జిల్లాలోనిదే గనుకనూ, వెంకటేశ్వరస్వామి మీది భక్తి ఇంటింటా ఉన్నది గనుకనూ, శనివారం రాత్రి అన్నం మాని పలహారం చేసే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇడ్లీ, ఉప్మా, చపాతీ, దిబ్బరొట్టె వరుసలోకి శాకాహారపు కాల్జోన్ ఏ అభ్యంతరమూ లేకుండా చేరుతుంది. ఆ రోజున వాడే చీజ్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం: పాలను గడ్డకట్టించడానికి కొన్ని చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైమును వాడతారు, కొన్నిటిలో సూక్ష్మజీవుల నుంచి తీసినదాన్ని వాడతారు, కాబట్టి పొట్లం మీద శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా ఆ రోజుకు మానే ఇళ్లలో వాము, మిరియాలు, అల్లం ఆ లోటు తీరుస్తాయి. ఇటలీవారు పిజ్జా మీద చల్లే ఒరెగానో ఆకు వాసనకు ప్రధాన కారణమైన కార్వక్రాల్, థైమాల్ అనే పదార్థాలలో థైమాల్ వాములో పుష్కలంగా ఉంటుంది గనుక, అరచేతిలో నలిపిన చిటికెడు వాము ఆ పరాయి ఆకుకు చక్కని బదులు. రొయ్యలు, గుడ్లు, కోడికూర నింపినవి ఆదివారానికి ఉంచుకోవచ్చు.

ఇక పిండి సంగతి. కాలువల కింద వరి పండే ఈ డెల్టాలో ఇంటినిండా బియ్యం ఉన్నా కాల్జోన్‌కు బియ్యప్పిండి పనికిరాదు. గోధుమలో గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు మాంసకృత్తులు ఉంటాయి. నీరు తగిలి, చేతి ఒత్తిడి పడినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే అల్లికగా మారతాయి. ఈస్టు విడిచే వాయువును పట్టి ఉంచి పిండిని పొంగనిచ్చేది ఆ అల్లికే. బియ్యంలో ఆ మాంసకృత్తులు లేవు. కజ్జికాయల పైపొరకు కూడా మైదానో గోధుమ పిండినో వాడడానికి కారణం ఇదే. మైదా అంటే పైపొట్టు, మొలక తీసేసి గోధుమ లోపలి తెల్లని భాగాన్ని మాత్రమే పట్టించిన పిండి కాబట్టి అది బాగా సాగుతుంది. పొట్టుతో పట్టించిన గోధుమ పిండిలో ఆ పొట్టు ముక్కలు అల్లికను అక్కడక్కడ తెంపుతాయి, అందువల్ల కాల్జోన్ కొంత బిరుసెక్కుతుంది. అయినా వారం వారం చేసుకునే ఇంటికి పూర్తిగా మైదా మీద ఆధారపడడం మంచిది కాదు. 250 గ్రాముల మైదాకు 150 గ్రాముల గోధుమ పిండి కలిపితే రుచికీ లోటుండదు, పీచు పదార్థమూ దక్కుతుంది. గోధుమ సరిపడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు ఈ వంటకానికి దూరంగా ఉండవలసిందే.

పిండిని పొంగించే ఈస్టు కంటికి కనిపించని ఒక శిలీంధ్రం. పిండిలోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువునూ, కొద్దిగా ఆల్కహాలునూ విడుస్తుంది, ఆ ఆల్కహాలు పొయ్యి వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడమూ ఇటువంటి పులిసే క్రియే. అయితే అందులో ప్రధాన పాత్ర మినప్పప్పుతో వచ్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాది, అందుకే అది పుల్లబడుతుంది, ఈస్టు పిండి అంతగా పుల్లబడదు. బజారులో ఇన్‌స్టంట్ ఈస్టు పేరుతో దొరికే సన్నని పలుకులను నేరుగా పొడి పిండిలో కలపవచ్చు; యాక్టివ్ డ్రై ఈస్టు అనే పెద్ద పలుకులను మాత్రం ముందుగా గోరువెచ్చని నీటిలో, చిటికెడు పంచదారతో పది నిమిషాలు నానబెట్టాలి. పైన నురుగు కడితే ఈస్టు బతికి ఉన్నట్టు. నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదు. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వెచ్చగా తగలాలే గాని చుర్రుమనకూడదు, ఎందుకంటే 60 డిగ్రీల దగ్గర ఈస్టు పూర్తిగా చచ్చిపోతుంది. విప్పిన పొట్లాన్ని కోస్తా తేమకు వదిలేస్తే నెల తిరక్కుండా పాడవుతుంది. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే నెలల తరబడి పనిచేస్తుంది.

విదేశీ వంట పుస్తకాల్లో పిండిని రెండు గంటలు పొంగనివ్వాలని రాసిన కొలత చల్లని దేశాలకు చెల్లుతుంది. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే దెందులూరులో అదే పిండి ముప్పావుగంటకే రెట్టింపవుతుంది, రెండు గంటలకు పులిసి జావగారుతుంది. అందువల్ల ఇక్కడి వంటవారు గడియారాన్ని పక్కనబెట్టి పిండిని చూసి నిర్ణయించుకోవాలి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఈస్టును అర చెంచాకు తగ్గించి, ఉదయం పిండి కలిపి, అరగంట బయట ఉంచి, తరువాత మూత గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టడం ఉత్తమమైన పద్ధతి; చలిలో ఈస్టు నెమ్మదిగా పనిచేస్తుంది గనుక సాయంత్రానికి పిండి పొంగడమే కాక రుచీ పెరుగుతుంది. రాత్రి వంటకు గంట ముందు బయటికి తీస్తే చాలు. ఫ్రిజ్ లేనివారు సాయంత్రం ఐదింటికి నిండు చెంచా ఈస్టుతో కలిపితే ఆరున్నరకు సిద్ధమవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం ఇంకో అరగంట కలుపుకోవాలి.

నలుగురికి సరిపడే ఎనిమిది కాల్జోన్‌లకు 400 గ్రాముల పిండి, సుమారు 250 మిల్లీలీటర్ల నీరు, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, ఒక చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నూనె కావాలి. గోధుమ పిండి వంతు పెరిగేకొద్దీ నీరు మరికొంచెం పడుతుంది. నూనె ఏదైనా ఫరవాలేదు. ఏలూరుకు ఉత్తరాన పెదవేగిలో 1995లో వెలసిన జాతీయ పరిశోధనా కేంద్రం ఈనాడు భారత ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థగా పనిచేస్తోంది, చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటలు విస్తారంగా ఉన్నాయి, అయినా రుచి దృష్ట్యా ఈ పిండికి వేరుశనగ నూనె మేలు. ఉప్పును ఈస్టు మీద నేరుగా పోయకుండా పిండిలో కలిపేయాలి. మొదట్లో పిండి వేళ్లకు అంటుకుంటుంది, ముద్ద గరుకుగా ఉంటుంది. చాలామంది ఈ దశలోనే కంగారుపడి పొడి పిండి చల్లుతూ పోతారు, దానితో కాల్జోన్ గట్టిపడుతుంది. పొడి పిండి చల్లకుండా, అరచేతి మడమతో ముందుకు నెట్టి, వేళ్లతో వెనక్కి మడుస్తూ ఎనిమిది పది నిమిషాలు పిసికితే అంటుకోవడం దానంతట అదే ఆగిపోతుంది, ముద్ద నున్నబడి చెవి తమ్మెలా మెత్తగా తగులుతుంది. నిమ్మకాయంత ఉండ తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీసి వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు, చిరగకుండా అవతలి వెలుగు మసకగా కనిపిస్తే అల్లిక సరిగా కట్టినట్టు. పొంగిన తరువాత వేలు గుచ్చి తీస్తే గుంట మెల్లగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడితే ఇంకా సమయం పట్టాలి, అసలే పూడకపోతే సమయం దాటిపోయింది.

అసలు మెళకువ లోపలి కూరలో ఉంది. మూసిన పిండి లోపల ఉన్న ప్రతి నీటి బొట్టూ పొయ్యి వేడికి ఆవిరవుతుంది. ఆవిరికి నీటికన్నా వందల రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఆవిరికి దారి లేకపోతే అంచు పగులుతుంది, దారి ఉన్నా నీరు ఎక్కువైతే అడుగు పిండిని నానబెట్టి పచ్చిగా మిగులుస్తుంది. మొదటిసారి చేసినవారు కాల్జోన్ ఉడకలేదని పొయ్యిని నిందించే సందర్భాల్లో చాలావాటికి మూలం కూరలోని తడే. గోదావరి జిల్లాల వంటవారికి ఈ సమస్యకు పరిష్కారం కొత్తగా చెప్పనక్కరలేదు. ఇగురు వండడం వారికి చిన్ననాటి నుంచి తెలుసు. కూరలోని నీరంతా సెగ మీద ఇగిరిపోయి, నూనె అంచుల్లోకి తేలి, మసాలా ముక్కకు పట్టేదాకా వేయించడమే ఆ పద్ధతి. కాల్జోన్‌కు కావలసింది అంతకన్నా ఒక మెట్టు పొడిగా ఉండే ఇగురు: గరిటెతో మూకుడు మధ్యలో దారి చేస్తే ఆ దారిలోకి నీరు గాని నూనె గాని జారకూడదు.

రొయ్యల కాల్జోన్‌కు ఈ ప్రాంతాన్ని మించిన చోటు దొరకడం కష్టం. 2009లో మన దేశం వనామీ రొయ్య పెంపకాన్ని అనుమతించిన తరువాత కోస్తా జిల్లాల చెరువుల్లో అదే ప్రధాన పంట అయింది. రొయ్య పరిమాణాన్ని ఇక్కడ కౌంటుతో చెబుతారు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంటు రొయ్య పెద్దది, 100 కౌంటు రొయ్య ఒక్కోటి పది గ్రాములుండే చిన్నది. తక్కువ కౌంటు ఉన్న పెద్ద రొయ్యకు ధర ఎక్కువ, ఎగుమతి వ్యాపారులు దాన్నే వెదుకుతారు. కాల్జోన్‌కు 80 నుంచి 100 కౌంటు రొయ్యలే తగినవి, ఎందుకంటే కోయనక్కరలేకుండా అలాగే లోపల ఇముడుతాయి, ప్రతి కొరుకులోనూ ఒకటి వస్తుంది. అరకిలో రొయ్యలు తెస్తే తల, పెంకు, వీపు మీది నల్లని నరం తీశాక సగానికి కొంచెం ఎక్కువ మిగులుతుంది, ఎనిమిదింటికి అది చాలు.

రొయ్య మాంసంలో మూడొంతులకు పైగా నీరే గనుక ఉప్పు, పసుపు పట్టించి పది నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని గట్టిగా పిండేయాలి. మూకుడులో రెండు చెంచాల నూనె కాగాక, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలను ముందు వేయించాలి. కర్నూలు, మహారాష్ట్ర ఉల్లి దిగే తాడేపల్లిగూడెం మార్కెట్టు ఈ ప్రాంతానికి ఉల్లిపాయల కూడలి. కొత్తగా దిగిన పచ్చి ఉల్లి కంటే ఎండి పొర కట్టిన పాత ఉల్లి తక్కువ నీరు విడుస్తుంది, కాబట్టి ఈ పనికి అదే ఎంచుకోవాలి. ఉల్లి బంగారు రంగుకు వచ్చాక అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, తరువాత రెండు గుప్పిళ్ల గోంగూర ఆకు వేస్తే ఆకు క్షణాల్లో కుంగి ముద్దవుతుంది. ఇటాలియన్ వంటలో టమాటా ఇచ్చే పులుపును ఇక్కడ గోంగూర ఇస్తుంది, పైగా టమాటా అంత నీరు విడవదు. ఆ ముద్ద ఇగిరాకే రొయ్యలు వేయాలి. వేసిన మూడు నిమిషాలకు అవి ముడుచుకుని ఎర్రబడగానే దించేయాలి, ఎందుకంటే కాల్జోన్ లోపల అవి మళ్లీ ఒకసారి ఉడుకుతాయి, ఇక్కడే పూర్తిగా వేయిస్తే చివరికి గట్టిపడి రుచి పోతుంది. చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి కూరలో ఒక వంతు తగ్గించి వేయాలి. వండిన రొయ్యల కూరను గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, నడివేసవిలో అయితే గంటకు మించి ఉంచకూడదు. మధ్యాహ్నం వండినది చల్లారగానే ఫ్రిజ్‌లోకి చేరాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ ఒక్క కూరను సాయంత్రమే వండుకోవడం క్షేమం. రొయ్య పడనివారు ఇంట్లో ఉంటే వారికి వేరే కూర నింపి, గుర్తుకు పైన ఒక గీత పెట్టి కాల్చాలి.

శాకాహారపు కూరకు గేదెపాల పనీరు అన్నిటికన్నా మేలైనది. నేపుల్స్ చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలో మోజరెల్లా చీజ్‌ను గేదెపాలతో చేయడం పాత సంప్రదాయం, ఆ చీజ్ పేరుకు 1996 నుంచి ఐరోపాలో ప్రాంతీయ రక్షణ ఉంది. ఆవుపాలకన్నా వెన్న ఎక్కువగా ఉండే గేదెపాలు పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల పల్లెల్లో ఇంటి గుమ్మానికే వస్తున్నాయి. దూరదేశపు వంటకానికీ ఈ నేలకూ ఇంతకన్నా దగ్గరి చుట్టరికం మరొకటి లేదు. లీటరు పాలు మరగకాచి దించి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తే పాలు విరిగి, పలుచని గుడ్డలో వడగట్టాక సుమారు 200 గ్రాముల పనీరు మిగులుతుంది. దాన్ని పావుగంట బరువు కింద ఉంచి, చేత్తో పొడిగా నలపాలి. మరిగిన పాలను ఆమ్లంతో విరిచి చేసినది కాబట్టి ఈ పనీరు ఎంత వేడికీ కరగదు. కాల్జోన్‌లో ఇటలీవారు పెట్టే రికోటా కూడా ఇలా కరగని జాతిదే. సాగే గుణం కోసం దీనికి 80 గ్రాముల మోజరెల్లా తురుము చేరిస్తే రెండు గుణాలూ కలుస్తాయి, ఖర్చూ తగ్గుతుంది. రెండు కట్టల పాలకూరను వేడినీటిలో నిమిషం ముంచి తీసి, గుడ్డలో వేసి నీరంతా పిండి, సన్నగా తరిగి, వాము, మిరియాల పొడితో పనీరులో కలిపితే శనివారపు కూర సిద్ధం.

మిగిలిన కూరల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఉడికించిన గుడ్ల వేపుడు, ఎముక తీసిన కోడి వేపుడు, బంగాళాదుంప, మొక్కజొన్న గింజలు అన్నీ ఒదుగుతాయి. కొల్లేటి చుట్టుపక్కల చేప సమృద్ధిగా దొరికినా బొచ్చె, శీలావతి చేపల్లో సన్నని ముళ్లు కండలోనే దాగి ఉంటాయి గనుక, మూసిన పిండిలో వాటిని పెట్టడం పిల్లలకు ప్రమాదం. ముళ్లు తక్కువగా ఉండే కొరమేను ఉడికించి, వేళ్లతో తడిమి చూసి మరీ వాడాలి. సొరకాయ, బీరకాయ, పచ్చి టమాటా వంటి నీటి కాయలను ఈ వంటకానికి తీసుకోకపోవడమే మంచిది.

రాత్రి ఏడింటికి పిండిని ఎనిమిది ఉండలు చేసి, తడిగుడ్డ కింద పది నిమిషాలు వదిలేస్తే గ్లూటెన్ సడలి, అప్పడాల కర్ర కింద వెనక్కి లాక్కోకుండా పరుచుకుంటుంది. ఒక్కో ఉండను జానెడు కన్నా కొంచెం తక్కువ వెడల్పున, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంతో ఒత్తాలి; మధ్యలో కన్నా అంచు పలుచగా ఉంటే మడత మీద పిండి దళసరి కాకుండా ఉంటుంది. కూర పూర్తిగా చల్లారి ఉండాలి, వేడి కూర పెడితే పిండి అక్కడే చెమర్చి చిరుగుతుంది. ముందు చీజ్ తురుము, దాని మీద రెండు పెద్ద చెంచాల కూర, పైన మళ్లీ కొంచెం చీజ్ పెట్టి, చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచు ఖాళీగా వదలాలి. ఆ అంచుకు నూనె గాని పొడి పిండి గాని తగిలితే అతుకు పట్టదు. వేలు తడిపి నీరు రాసి, మడిచి, లోపలి గాలిని మడత వైపు నుంచి అంచు వైపుకు నెట్టేసి, అప్పుడు నొక్కాలి. ఆ పైన కజ్జికాయకు చేసినట్టే అంచును కొద్దికొద్దిగా లోపలికి మడుస్తూ మెలిక వేస్తే రెండు కట్లు పడినట్టవుతుంది. కజ్జికాయల చెక్క మాత్రం దీనికి వద్దు, ఆ అచ్చు చిన్నది, పైగా పొంగిన పిండిలోని గాలినంతా నొక్కేస్తుంది.

ఈ ఘట్టంలోనే ఇంటివారందరికీ పని దొరుకుతుంది. మెలిక వేయడంలో నైపుణ్యం ఉన్న పెద్దవారు పీట దగ్గర, కొలిచి కూర పెట్టే పని పిల్లలది, పొయ్యి కనిపెట్టే పని ఇంటి మగవారిది అని ముందే పంచుకుంటే అరగంటలో ఎనిమిదీ పూర్తవుతాయి. పదేళ్ల పిల్లవాడు మడిచిన కాల్జోన్ వంకరగా ఉన్నా దాన్ని సరిదిద్దకుండా అలాగే కాల్చి వాడి పళ్లెంలో పెట్టడం అవసరం. పని చేసినవారి చేతికి ఫలితం దక్కినప్పుడే ఆ పనికి మళ్లీ ముందుకు వస్తారు. ఎప్పుడూ ఒకరే నిలబడి వడ్డించి చివర తినే ఇంట్లో ఈ మార్పు రావాలంటే ఇంతకన్నా తేలికైన ప్రారంభం దొరకదు.

కాల్చడానికి మూడు దారులు ఉన్నాయి. ఓటీజీ అనే చిన్న విద్యుత్ ఓవెన్ ఉన్నవారు 220 డిగ్రీల వద్ద పావుగంట ముందుగా వేడిచేసి, కాల్జోన్‌ల మీద పాలు పూసి, ఆవిరి పోవడానికి పైన చిన్న గాటు పెట్టి, 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. పాత మందపాటి గిన్నె అడుగున అంగుళం మేర ఉప్పు గాని ఇసుక గాని పోసి, పైన చిన్న స్టాండు, దానిమీద పళ్లెం పెట్టి, మూత వేసి మధ్యస్థపు సెగన పావుగంట వేడెక్కించినా పొయ్యి తయారవుతుంది. ఇందులో అరగంట పడుతుంది, పైభాగానికి రంగు తక్కువగా వస్తుంది. ఈ రెండూ లేని ఇంటికి దళసరి ఇనుప పెనం చాలు, నిజానికి మొదలుపెట్టేవారికి ఇదే సరైనది: సన్నసెగన మూత పెట్టి ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు కాల్చి, తిప్పిన తరువాత పైన ఫోర్కుతో రెండు పోట్లు పొడిచి, చివర నిటారుగా నిలబెట్టి మడత అంచును కూడా కాల్చాలి. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. అడుగున గోధుమ రంగు మచ్చలు పడి, వేలి గణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తే ఉడికినట్టు. పాంజెరొట్టి లాగా నూనెలో వేయించాలనుకునేవారు సగం పరిమాణంలో చేసి, గాటు గాని పోటు గాని పెట్టకుండా వేయించాలి, లేకపోతే చీజ్ నూనెలోకి కారి చిందుతుంది. పొంగిన పిండి నూనె పీల్చుకుంటుంది గనుక దీన్ని ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి.

దించిన వెంటనే కోయకుండా ఐదు నిమిషాలు ఆగితే కరిగిన చీజ్ కొంత బిగిసి కూరను పట్టుకుంటుంది, నోరూ కాలదు. పక్కన టమాటా పచ్చడి, పలుచని మజ్జిగ ఉంటే మరేమీ అక్కరలేదు. ఒక్కొక్కరికి రెండు చాలు. మిగిలినవి చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచితే రొయ్యలవి మరుసటి రోజు లోపల, పనీరువి రెండు రోజుల లోపల తినాలి. వారం మధ్యలో ఎప్పుడైనా పనికొచ్చేలా కొన్ని దాచదలచినవారు ముప్పావు వంతు కాల్చి, పూర్తిగా చల్లార్చి, విడివిడిగా చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తీసిన తరువాత కరగనివ్వకుండా నేరుగా సన్నసెగ పెనం మీదికి చేర్చి, మూత పెట్టి, రెండు వైపులా తిప్పుతూ లోపలి కూర పొగలు కక్కేదాకా వేడిచేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే పైపిండి మెత్తబడి కరకర పోతుంది.